గ్రూపులో మిగిలిన పేరు

మా ఇంట్లో ముగ్గురం బీడీలు చుట్టేవాళ్లం, కార్ఖానా వాళ్లిచ్చే కార్డు మాత్రం ఒక్కటే, మా అవ్వ పేరు మీద. బడి నుంచి వచ్చి నేనూ అక్కా చాటలు ఒళ్లో పెట్టుకుని చుట్టినవన్నీ అవ్వ కట్టల్లో కలిసి కార్ఖానాకు పోయేవి. నిజామాబాద్‌లో మా గల్లీ అంతా అదే తీరు. ఎవరి చేతి పని ఎవరి పేరు మీద పోతోందని అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. అందుకే చాలా ఏళ్ల తర్వాత ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి, అక్కడ ఇరవై మంది ఒకే లాగిన్‌తో కంప్యూటర్‌లోకి వెళ్లడం చూసినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. అది తప్పని పుస్తకాలు చదివాకే తెలిసింది.

ఫ్యాక్టరీ బోధన్ వైపు చెరకు తోటల మధ్య ఉండేది. ప్రైవేటుది, పేరెందుకులెండి. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. పొద్దున్నే నిజామాబాద్‌లో బస్సెక్కి, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని. కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఏడాదికోసారి కొత్త కాగితం ఇచ్చి కొనసాగించే ఉద్యోగం. ఆ కాగితం ఇచ్చేది సిబ్బంది ఆఫీసరు. ఇస్తాడో ఇవ్వడో అని ప్రతి ఏడూ దసరా ముందర నాకు పదిరోజులు సరిగా అన్నం సహించేది కాదు.

మొత్తం మూడు సర్వర్లు ఉండేవి. ఒకటి పెద్దాఫీసులో, ఒకటి చెరకు ఆఫీసులో, ఒకటి బండ్లు తూచే కాటా గదిలో. మూడింటి మీదా లైనక్స్ ఉండేది. దాన్ని కొనక్కర్లేదని యాజమాన్యానికి ఎవరో చెప్పారట, అంతకుమించి దానిమీద వాళ్లకు ప్రేమేమీ లేదు. మూడింటిలోకీ వెళ్లడానికి ఒక్కటే పేరు, 'చెరకు'. దాని పాస్‌వర్డ్ చెరకు ఆఫీసు గోడమీది క్యాలెండరు అంచున పెన్సిల్‌తో రాసి ఉండేది. ఏడాది మారి క్యాలెండరు మార్చినప్పుడు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని కొత్తదాని మీద మళ్లీ రాసేవారు. చాయ్ తెచ్చే ఆయనకు కూడా అది నోటికి వచ్చు.

అది ఎందుకు ప్రమాదమో నేను చేరిన రెండో సీజన్‌లో తెలిసింది. చెరకు ఎప్పుడు నరకాలో రైతు ఇష్టం కాదు. నాటిన తేదీ వరుసలో ఫ్యాక్టరీ ఆర్డరు ఇస్తుంది, ఆర్డరు వచ్చిన రైతే నరుకుతాడు. ఆలస్యమైతే తోట ఎండి తూకం తగ్గుతుంది కాబట్టి ఆ వరుస మీద రైతుకు ప్రాణం ఉంటుంది. ఆ ఏడు రుద్రూర్ వైపు రైతు ఒకాయన, తనకంటే నెల తర్వాత నాటిన తోటకు ముందుగా ఆర్డరు రావడం చూశాడు. పదిమందిని వెంటేసుకొచ్చి గేటు ముందు కూర్చున్నాడు. చెరకు మేనేజరు నన్ను పిలిపించాడు.

"వరుస ఎవడు మార్చిండో చూసి చెప్పు మేడం."

చూశాను. 'చెరకు' అనే పేరు మీద ఎవరో మార్చారు.

"చెరకు అంటే ఎవరు?"

"అందరూ సార్. మీరు కూడా."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. నేనేమీ వెటకారంగా అనలేదు, ఉన్నమాట చెప్పాను. ఉన్నమాట, అడిగినంతవరకు, అడిగిన క్రమంలో చెప్పడం నాకు అలవాటు. దాన్ని నేను చాలాకాలం గొప్ప గుణం అనుకున్నాను.

మొత్తానికి ఎవరు మార్చారో తేలలేదు. వరుస సరిచేసి రైతును పంపించారు. తర్వాత పెద్దాఫీసు నుంచి నాకు ఆజ్ఞ వచ్చింది. ఇక మీదట ఎవరి పేరుతో వాళ్లే లోపలికి వెళ్లాలి, ఏ సర్వర్‌లోకి ఎవరు వెళ్లొచ్చో ముందే తేల్చిపెట్టాలి.

ఆ పని ఎలా చేయాలో నాకు ఫ్యాక్టరీ గేటే చూపించింది. గేటు పక్కన ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది, దానిమీద వరుసగా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ల. బిళ్ల మీద కార్మికుడి నంబరు. లోపలికొచ్చేటప్పుడు తన బిళ్ల తీసుకుని జేబులో వేసుకుంటాడు, బయటికి పోయేటప్పుడు తగిలిస్తాడు. బోర్డు మీద బిళ్ల లేనివాడు మేనేజరు బామ్మర్ది అయినా వాచ్‌మన్ ఆపేస్తాడు. సీజన్ అయిపోయిన రోజున సీజనల్ కార్మికుల బిళ్లలన్నీ లెక్కచూసి తీసుకుని ఒక రేకు డబ్బాలో వేసి తాళం పెట్టేవాళ్లు. మేకులు ఖాళీగా మిగిలేవి. మళ్లీ నవంబరులో గానుగ మొదలుపెట్టి కొబ్బరికాయ కొట్టిన రోజున బిళ్లలు బయటికొచ్చేవి.

కంప్యూటర్లలో డైరెక్టరీ అనేదొకటి పెట్టుకోవచ్చు, అది అచ్చంగా ఆ బోర్డే. మూడు సర్వర్లలో మూడుచోట్ల పేర్లు రాసే బదులు, మనుషుల పేర్లన్నీ ఒకేచోట రాసిపెడతాం. వాటిని గ్రూపులుగా విడదీస్తాం. కాటా వాళ్లొక గ్రూపు, చెరకు ఆఫీసు వాళ్లొక గ్రూపు, పెద్దాఫీసు వాళ్లొక గ్రూపు. ఒక్కో సర్వర్‌కు ఒక్క మాట చెప్తాం: నీ గ్రూపులో పేరున్నవాళ్లనే రానివ్వు, మిగతావాళ్ల పాస్‌వర్డ్ సరైనదైనా సరే రానివ్వకు. ఎవరైనా కొత్తగా వస్తే గ్రూపులో చేర్చడం, పోతే తీసేయడం. సర్వర్లను మళ్లీ ముట్టుకునే పని లేదు. రెండు నెలలు పుస్తకం ముందరేసుకుని కుస్తీపట్టి చేశాను.

వాడకంలోకి తెచ్చిన మొదటిరోజే తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది నా పని. కాటా సర్వర్‌కు గ్రూపు పేరు చెప్పేటప్పుడు ఒక అక్షరం తప్పు కొట్టాను. అలాంటి గ్రూపే లేదు కాబట్టి అది నాతో సహా ఎవరినీ రానివ్వలేదు. కాటా ముందు ఎడ్లబండ్లు బారులు తీరాయి. మహారాష్ట్ర నుంచి నరకడానికి వచ్చిన ముఠాల వాళ్లు మరాఠీలో తిట్టే తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, అర్థమైన సగమే చాలనిపించింది. చివరికి కాటా గదికి పరిగెత్తి, ఆ మెషీన్ ముందరే కూర్చుని, దాని సొంత లాగిన్‌తో వెళ్లి సరిచేశాను. ఆ రోజు నుంచి నా లాగిన్ మాత్రం డైరెక్టరీలో పెట్టలేదు, ప్రతి సర్వర్ మీదా విడిగా పెట్టుకున్నాను.

అలా అందరూ కస్సుబుస్సుమంటున్నప్పుడు నవ్వుతూ నిలబడ్డది ఒక్కడే. కాటా గుమస్తా. నేను కాకా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. మిగతావాళ్లకు నేను మేడంనే. ఆయనది రుద్రూర్ దగ్గర ఊరు, రెండెకరాల పొలం అన్నదమ్ములతో పంచుకున్నాక ఎకరం మిగిలింది. పంతొమ్మిది సీజన్లుగా కాటా మీద పనిచేస్తున్నాడు. పంతొమ్మిదీ సీజనల్‌గానే. అంటే గానుగ ఆడినంతకాలం ఉద్యోగి, ఆగిన మర్నాడు కాదు.

కాటా గ్రూపులో నేను మొట్టమొదట చేర్చిన పేరు ఆయనదే. పరీక్షించడానికి ఎవరో ఒకరు కావాలి, ఆయన ఎదురుగా ఉన్నాడు. తెర మీద తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"గిది నేనేనా?"

"నువ్వే కాకా. ఇప్పటినుంచి నువ్వు తూచిన బండి నీ పేరు మీదనే ఎక్కుతది."

"ఇన్నేండ్లు తూసినయి?"

"అవి చెరకు పేరు మీద ఎక్కినయి."

"చెరకే చెరకును తూసిందన్నట్టు" అని నవ్వాడు. ఆయనకు అన్నింటికీ నవ్వు వచ్చేది.

ఒక్కదాని దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు, పర్మినెంటు మాట వచ్చినప్పుడు. ఆ ఏడు ముగ్గురు సీజనల్ వాళ్లను పర్మినెంటు చేస్తారని యూనియన్ ద్వారా కబురొచ్చింది. గానుగ లేని నెలల్లో కూడా ఫ్యాక్టరీకి పనిచేసినవాళ్లకే ముందు. కాకా ఏటా పనిచేసేవాడు. వేసవిలో ఫీల్డువాళ్లు ఊరూరా తిరిగి ఏ రైతు ఎన్నెకరాల్లో ఏ రకం ఎప్పుడు నాటాడో రాసుకొచ్చేవారు, అదంతా మొదట్లో రిజిస్టర్లలోకి, కంప్యూటర్లు వచ్చాక వాటిలోకి ఎక్కించేది కాకాయే. వేసవిలో కాటా ఖాళీగా ఉండేది కాబట్టి ఆ సర్వర్ మీదే ఎక్కించేవాడు. చెరకు మేనేజరు మనిషిని పంపి పిలిపిస్తాడు, ఈయన సైకిలేసుకుని వస్తాడు, గేటు దగ్గర బిళ్ల బదులు రోజుకూలీ చీటీ చూపించి, పనిచేసి పోతాడు. ఆ చీటీల మీద పేరుండదు. కంప్యూటర్‌లో చూస్తే 'చెరకు' ఉండేది. పంతొమ్మిది వేసవులు ఆయన ఫ్యాక్టరీకి వచ్చాడనడానికి ఒక్క ముక్క రుజువు లేదు. ఇంకో రెండేళ్లు పోతే పర్మినెంటుకు వయసు దాటిపోతుంది.

"జీతం సంగతి అటుంచు బిడ్డా" అన్నాడు ఒకసారి, కాటా గది మెట్ల మీద అన్నం డబ్బా విప్పుకుంటూ. "పొయిన సారి బిళ్ల అప్పజెప్పి ఇంటికి వోతాంటే మా మనుమరాలు అడిగింది, తాతా నిన్ను మల్ల ఎల్లగొట్టిండ్రా అని. ఏం సెప్పాలె? అవ్ బిడ్డా, గీ ఏడు గూడ ఎల్లగొట్టిండ్రు అన్న."

ఆయన డబ్బా మూతలో ఉల్లిగడ్డ ముక్క నావైపు జరిపాడు.

ఏప్రిల్‌లో గానుగ ఆగింది. మర్నాడు సిబ్బంది ఆఫీసరు దగ్గరినుంచి కాగితం వచ్చింది. సీజనల్ సిబ్బందిలో ఎవరికీ, ఏ సర్వర్‌లోకీ ఇక ప్రవేశం ఉండరాదు, వెంటనే పేర్లు తీసేయాలి. నిజం చెప్పాలంటే నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పనిలో లేని మనిషి లాగిన్ తెరిచి ఉంచకూడదని ఏ పుస్తకమైనా చెప్తుంది. గేటు దగ్గర బిళ్లలు డబ్బాలో పడ్డాయి, నా డైరెక్టరీలో పేర్లు తీసేయాలి, అంతే అనుకున్నాను.

కాటా గ్రూపులో ఉన్నవాళ్లంతా సీజనల్ వాళ్లే. కిందినుంచి ఒక్కొక్క పేరే తీసుకుంటూ వచ్చాను. అందరికంటే చివర, అందరికంటే ముందు చేర్చిన కాకా పేరు మిగిలింది. అది కూడా తీయబోతే డైరెక్టరీ ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే మాట. పుస్తకం తిరగేస్తే తెలిసింది, నేను ఎంచుకున్న రకం గ్రూపులో కనీసం ఒక సభ్యుడు ఉండి తీరాలట. మేకులన్నీ ఖాళీగా ఉన్నా గేటు బోర్డు ఊరుకుంటుంది, డైరెక్టరీ ఊరుకోదు. బోర్డును చూసి కట్టినదాన్ని కాబట్టి ఖాళీ బోర్డు కుదరకపోవడమంటూ ఉంటుందని నాకు తట్టనే లేదు.

దానికి విరుగుడు చిన్నదే. ఎవరూ కాని ఒక ఉత్తుత్తి పేరు చేర్చి, కాకా పేరు తీసేస్తే సరిపోయేది. ఐదు నిమిషాల పని. కానీ బస్సుకు టైమైంది. రేపు చూద్దాంలే అనుకుని లేచాను. మర్నాడు పెద్దాఫీసులో ప్రింటరు చెడిపోయింది, ఆ తర్వాత ఇంకేదో వచ్చింది. ఆజ్ఞ అమలు చేశానని కాగితం మీద మాత్రం సంతకం పెట్టి పంపేశాను. ఈ భాగం ఇంతకుముందు ఒకరిద్దరికి చెప్పినప్పుడు, జాలిపడి పేరు ఉంచావన్నమాట అన్నారు. జాలి కాదు, బద్ధకం.

మే నెలలో చెరకు మేనేజరు ఎప్పటిలాగే కాకాకు కబురు పెట్టాడు. ఆ పొద్దున నేను కాటా గదిలో బ్యాటరీలు చూస్తున్నాను. కాకా కుర్చీ తుడుచుకుని కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి తన పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టాడు. లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ పేరు తీయలేదని.

"బిడ్డా, సూడు సూడు" అన్నాడు. "నా పేరు మీదనే తెరుసుకున్నది. సీజను అయిపోయినంక గూడ తెరుసుకున్నది!"

"అవును కాకా."

"అంటే పైనోళ్లు నన్ను తియ్యలేదన్నట్టే గదా? మిగిలినోళ్లయి తీసిండ్రట. మొన్న సంతల కలిసి సెప్పిండ్రు. నాది ఒక్కటే ఉంచిండ్రంటే ఏదో ఉన్నది."

ఏమీ లేదు కాకా, గ్రూపు ఖాళీగా ఉండదు కాబట్టి నీ పేరు మిగిలింది, అని చెప్పి ఉండాల్సింది. అలా చెప్తే ఆ పూటే పేరు తీసేయాల్సి వస్తుంది. తీసేశానని సంతకం పెట్టినదాన్ని నేనే. పైగా ఆయన మొహం వెలిగిపోతోంది. ఏమో కాకా, మంచిదేగా అన్నాను. బ్యాటరీ నీళ్ల డబ్బా పట్టుకుని బయటికొచ్చేశాను.

ఆ వేసవంతా ఆయన వచ్చాడు. సర్వే కాగితాలు రాని రోజు కూడా వచ్చి, ఒకసారి లోపలికి వెళ్లి, పాత ఎంట్రీలు సరిచూసి వెళ్లేవాడు. ఎండలో అంత దూరం సైకిలు తొక్కి ఎందుకొస్తున్నావంటే, "నా పేరు ఉన్నదా లేదా సూసుకోవాలె గదా" అనేవాడు. సర్వర్‌లో ఎవరు ఏ రోజు ఏ వేళ లోపలికి వచ్చారో, ఏ వేళ బయటికి పోయారో వరుసగా రాసి ఉంటుంది. నేను అప్పుడప్పుడు తీసి చూసేదాన్ని. ఆ నెలల్లో కాటా సర్వర్ మీద పేజీల కొద్దీ ఒక్కటే పేరు. నాకు లోపల సంతోషంగానే ఉండేది. నేను కట్టినది మొదటిసారిగా ఒక మనిషికి పనికొస్తోందనిపించేది.

దసరాకు ముందు పర్మినెంటు దరఖాస్తులు తీసుకున్నారు. కాకా ఎవరితోనో రాయించుకుని ఇచ్చాడు. గానుగ లేని నెలల్లో పనిచేసినందుకు సాక్ష్యం ఏమిటన్న చోట, కాటా కంప్యూటర్‌లో వేసవిలో కూడా నా పేరు ఉంది, చూసుకోగలరు అని రాయించాడు. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు, నువ్వు ఇట్లా చెప్పాలి అట్లా చెప్పాలి అని ఒక్క మాట అడగలేదు. కంప్యూటరే చెప్తుందని ఆయన నమ్మకం.

ఆ మధ్యాహ్నమే నేను సర్వర్‌లోంచి ఆయన వచ్చిపోయిన రోజులన్నీ తీసి ప్రింట్ చేశాను. మూడు పేజీలు వచ్చాయి. సర్వే సాగినది తొంభై పనిరోజులు, అందులో ఎనభై ఏడు రోజులు ఆయన పేరు ఉంది. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అడుగుతారు, ఇద్దాం అనుకున్నాను.

రెండురోజుల తర్వాత సిబ్బంది ఆఫీసరు పిలిపించాడు. గదిలో ఆయన, చెరకు మేనేజరు, నేను. నన్ను కూర్చోమన్నాడు. ముందరి బల్ల మీద కాకా దరఖాస్తు ఉంది, దాని పక్కనే, పేర్లన్నీ తీసేశానని ఏప్రిల్‌లో నేను సంతకం పెట్టిన కాగితం కూడా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న వాడి అవస్థ నాది. కొత్త ఏడాదికి నా ఉద్యోగం కాగితం ఇంకా రాలేదు. అది కూడా ఆ బల్ల సొరుగులోనే ఎక్కడో ఉండాలి.

"అందరి పేర్లు తీసేసిన అని రాసిచ్చినవ్. ఈయన పేరెందుకున్నది?" అన్నాడు ఆఫీసరు. "ఎవరన్న ఉంచుమన్నరా?" అంటూ చెరకు మేనేజరు వైపు చూశాడు. చెరకు మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎవరూ ఉంచమనలేదు సార్" అన్నాను. "ఆ రకం గ్రూపు ఖాళీగా ఉండదు. కనీసం ఒక్క పేరన్నా ఉండాలి. అందరివీ తీశాక చివరికి ఆయనది మిగిలింది. అది సాంకేతిక కారణం, అంతే."

"అంటే పేరు ఉన్నంత మాత్రాన పనిల ఉన్నట్టు కాదు."

"కాదు సార్. పేరు ఉండడం వేరు."

పేరు ఉండడం వేరు, పేరుతో వచ్చి పనిచేయడం వేరు. ఆ రెండో సగం నా నాలుక మీదే ఉంది. రోజూ వచ్చాడు సార్, ఇవిగో ఎనభై ఏడు రోజులు, అని బ్యాగులో చెయ్యి పెడితే చాలు. కానీ ఆ కాగితం తీస్తే, ప్రవేశం ఉండకూడదన్న మనిషి నా నిర్లక్ష్యం వల్ల ఎనభై ఏడు రోజులు లోపల తిరిగాడని కూడా అదే చెప్తుంది. అప్పుడు సాంకేతిక కారణం అన్న నా మాట నిలవదు. ఆఫీసరు ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. దరఖాస్తు అంచున ఏదో రాసుకుని, సరే మేడం అన్నాడు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఏటా ఆయన్ను పిలిపించి పని చేయించుకున్న చెరకు మేనేజరు కూడా నోరు విప్పలేదు, కానీ ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు.

బయటికొచ్చి నేరుగా కాటా గదికి వెళ్లి, గ్రూపులో ఒక ఉత్తుత్తి పేరు చేర్చి, కాకా పేరు తీసేశాను. నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది. వారంలో నా ఉద్యోగం కాగితం వచ్చింది. ఆ తర్వాత నోటీసు బోర్డు మీద ముగ్గురి పేర్లు అంటించారు, అందులో కాకా లేడు. అప్పుడు ఆయన ఊళ్లో ఉన్నాడు. ఎవరు చెప్పారో, ఎలా విన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు.

నవంబరులో గానుగ మొదలైంది. సీజనల్ వాళ్ల పేర్లు తిరిగి చేర్చడానికి కాటా గదికి వెళ్లాను. కాకా అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొంచెం చిక్కాడు. మామూలుగానే పలకరించాడు. పేరు చేర్చాక, ఒకసారి చూసుకో కాకా అన్నాను. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టి లోపలికి వెళ్లాడు. ఈసారి నన్ను పిలిచి చూపించలేదు.

"ఆఫీసరు సారు నాకు సెప్పిండు బిడ్డా" అన్నాడు, తెరవైపే చూస్తూ. "గీ మిషిన్‌కు ఒక పేరు కావాల్నట గదా, ఉత్తగనే. గందుకే నా పేరు ఉండెనట. నిజమేనా?"

"నిజమే కాకా."

"గిది ఎండకాలంలనే సెప్పేది ఉండె. గంత ఆశ వెట్టుకోకపోదును."

ఆ మాట కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. మామూలుగా, ఫలానా బండి ఆలస్యంగా వచ్చింది అన్నట్టు అన్నాడు. దాచుకోలేక మొత్తం చెప్పేశాను. పేరు మిగిలింది నా బద్ధకం వల్లేనని, వచ్చిన రోజులన్నీ ప్రింట్ తీసుకుని ఆ గదిలోకి వెళ్లానని, కాగితం బ్యాగులోనే ఉంచేశానని.

మొదటి బండి కాటా మీదికి ఎక్కుతోంది, ఎడ్లు మొరాయిస్తుంటే బండివాడు అదిలిస్తున్నాడు.

"మరి గా కాయితం బయటికి తియ్యకపోతివి?"

"భయమైంది కాకా. నా నౌకరీ పోతదని."

అవునన్నట్టు తలూపాడు. ఉద్యోగం పోతుందన్న భయం గురించి ఆయనకు నేను చెప్పాల్సిందేముంది?

"ఎన్ని దినాలు వడ్డయి గండ్ల?"

"ఎనభై ఏడు."

కళ్లద్దాలు పైకి నెట్టుకుని, లోపల్లోపల లెక్క వేసుకున్నాడు.

"సరిగ్గనే వట్టింది" అన్నాడు. "నడుమ మూడు దినాలు జెరమొచ్చి రాలె."

అని, బండి నంబరు చెప్పమని కిటికీలోంచి బండివాణ్ని కేకేశాడు.